సోమవారం కాపీ

ఆమె భయమల్లా ఒక్కటే, ఇంటికి తిరిగి వెళ్లేసరికి భర్త ప్రాణాలతో ఉండడేమోనని. పోలీసులన్నా, ఉద్యోగం పోతుందన్నా అంత భయం లేదు. అందుకే పక్కింటి పిన్నిని గుమ్మంలో కూర్చోబెట్టి, చంటిదాన్ని చంకనేసుకుని డిటెక్టివ్ మేడమ్ ఆఫీసు మెట్లెక్కింది.

"మా ఆయన ఆస్పత్రిలో స్విచ్‌లు చూస్తాడు మేడమ్."

"లైట్లవా?" అన్నాడు అసిస్టెంట్, నోట్‌బుక్ తెరుస్తూ.

"కాదు సార్. మెషీన్ల వైర్లన్నీ వచ్చి చేరే పెట్టె. ఏ వైరు దేనితో మాట్లాడాలో లోపల ఒక ఫైలు ఉంటుంది. ఏది మార్చినా ముందు పెట్టెలో సేవ్ చేస్తాడు, తర్వాత కంప్యూటర్లోకి కాపీ తీసి తేదీ వేస్తాడు. పదో తరగతితో ఆగిపోయినదాన్ని, నాకే కంఠతా వచ్చేసింది."

మంగళవారం అతను మూడో వార్డు అలారాన్ని నర్సుల బల్లకు కలిపాడు. శుక్రవారం పాపకు టీకా వేయించడానికి సెలవు పెట్టాడు. ఆ రోజు రెండింటికి కరెంటు పోయి వచ్చింది. నాలుగింటికి వార్డులో ఇద్దరు పిల్లల తల్లికి ఊపిరి ఆగింది. నర్సుల బల్ల దగ్గర అలారం మోగలేదు, ఎవరూ రాకముందే ఆమె చనిపోయింది. స్విచ్ తెరిచి చూస్తే ఫైల్లో మంగళవారం రాసిన లైన్లు లేవు. సేవ్ చేయకపోతే కరెంటు పోగానే చెరిగిపోతాయి, అతను మర్చిపోయాడు అని అతని సూపర్‌వైజర్ రాసిచ్చాడు.

"మీ ఆయనేమంటాడు?"

"మర్చిపోయానేమో అంటాడు. మూడు రోజులుగా గది తలుపు తీయట్లేదు. పాప ఏడ్చినా తీయట్లేదు."

మేడమ్ లేచి చెప్పులేసుకుంది. "పద అమ్మాయ్."

ఆస్పత్రిలో మేడమ్ మొదట అలారం జోలికే పోలేదు. ఈ వారం ఇంకేం పెట్టాడని అడుగుతూ ల్యాబ్‌కి వెళ్లింది.

"గురువారం మా ప్రింటర్ పెట్టాడు," అంది ల్యాబ్ ఆవిడ. "శుక్రవారం పన్నెండింటికే చచ్చింది. రిపోర్టుల కోసం జనం నా మీద పడ్డారు, నేను సూపర్‌వైజర్ మీద పడ్డాను. పది నిమిషాల్లో బాగుచేశాడు."

"కరెంటు పోయొచ్చాక?"

"బంగారంలా పనిచేసింది."

అసిస్టెంట్ రాసుకున్నాడు గానీ, ఇందులో ఏముందో అతని బుర్రకెక్కలేదు. మేడమ్ ముఖం చూస్తే ఏదో ఉందని మాత్రం తెలిసింది.

సాయంత్రం అందరినీ స్విచ్‌ల గదిలోకి పిలిచారు. పెద్ద డాక్టరు, హెడ్ నర్సు, ల్యాబ్ ఆవిడ, సూపర్‌వైజర్. ఫ్యాన్ల హోరుకి పాప నిద్రపోయింది.

"కరెంటు పోయింది రెండింటికి. ప్రింటర్ ఆగింది పన్నెండింటికి," అంది మేడమ్. "అంటే సెట్టింగుల్ని చెరిపింది కరెంటు కాదు, మనిషి. ఈ కంప్యూటర్లో మూడు కాపీలున్నాయి. మంగళవారం దాంట్లో అలారం ఉంది. గురువారం దాంట్లో అలారం, ప్రింటర్ రెండూ ఉన్నాయి. సోమవారం దాంట్లో రెండూ లేవు. శుక్రవారం పన్నెండింటికి ఈ పెట్టెలోకి ఎక్కింది సోమవారం కాపీ. ఎవరెక్కించారో మీరే చెప్పండి సార్."

సూపర్‌వైజర్ వైర్ల వైపు చూస్తూ చెప్పాడు.

"పెద్ద డాక్టర్‌గారి స్క్రీన్ ఆగిపోతోందంటే ఏదో మార్చాను. ఇంకా పాడైంది. అతని కాపీ ఎక్కిద్దామని... లిస్టులో పైనున్నదే కొత్తదనుకున్నాను. తేదీ చూడలేదు."

"ప్రింటర్ ఆగినప్పుడు తెలిసిందిగా?"

"తెలిసింది."

"అప్పుడైనా గురువారం కాపీ ఎక్కించాల్సింది."

"మళ్లీ ఎక్కిస్తే అంతా ఐదు నిమిషాలు ఆగుతుంది మేడమ్. ఎందుకని అడుగుతారు. ప్రింటర్ లైన్లు మాత్రం చేత్తో రాసి సేవ్ చేశాను."

"ప్రింటర్ ఆగితే అరవడానికి ఈవిడ ఉంది," అంది మేడమ్ మెల్లగా. "అలారం మోగకపోవడం ఎవరికి వినిపిస్తుంది?"

హెడ్ నర్సు కొంగు నోట్లో కుక్కుకుంది. ఎవరూ ఎవరి ముఖమూ చూసుకోలేదు.

పాపనెత్తుకుని అతని భార్య పరుగున ఇంటికి వచ్చేసరికి పిన్ని గుమ్మంలోనే ఉంది. "గంట నుంచీ చప్పుడు లేదే," అంది.

ఆమె పాపను పిన్నికిచ్చి తలుపు మీద రెండు చేతులతో కొట్టింది. "ఏవండీ, మీరు సేవ్ చేశారు. విన్నారా? మీరు చేశారు."

లోపల చాలాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత గడియ కదిలింది. అతను గోడ పట్టుకుని నిలబడ్డాడు, పాపనూ చూడలేదు, భార్యనూ చూడలేదు.

"ఆ చనిపోయినావిడ పిల్లలెక్కడున్నారు?" అన్నాడు.

ఇది చదువుతున్నవాళ్లకి ఒక్క మాట. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో తప్పంతా తనదేననుకుని తలుపేసుకున్న మనిషి ఉంటే, చప్పుడు లేదు కదా, నిద్రపోతున్నాడులే అనుకోకండి. లేచి వెళ్లి తలుపు తట్టండి. తీసేదాకా అక్కడే ఉండండి.