ఆండాళమ్మ ఊపిరి

పోర్ట్ బ్లెయిర్‌లో హంసిని పీట మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. కాళ్ళ మీద పదకొండు రోజుల పసిపిల్ల, పక్కన గోరువెచ్చని నీళ్ళు. ఇటు బందరులో గోడమీది తెరకి ఎదురుగా ఆమె అమ్మమ్మ మంగతాయారు, నుదుట శ్రీచూర్ణం, చేతిలో తులసిమాల. మోకాళ్ళు ఆమెని ఓడ ఎక్కనివ్వలేదు. పాటకి మోకాళ్ళతో పనేముంది? గొంతు సవరించుకుని ఎత్తుకుంది.

"గోరువెచ్చని నీట కూర్చున్న తల్లీ
గుమ్మాన నిలిచింది చూడ జాబిల్లీ..."

మొదటి చరణం అయింది. "సాంబ్రాణి పొగలోన" అని రెండోది మొదలుపెట్టగానే తెర బూడిదరంగుకి తిరిగింది. మీద ఎర్రటి అక్షరాలు: 'ఈ పాటకు హక్కుదారు ఉన్నారు. మీ గొంతు నిలిపివేయడమైనది.'

"అమ్మమ్మా, వినపడట్లేదు! పాడుతున్నావా?" అని హంసిని అరిచింది. పిల్ల గుక్కపట్టింది. మంగతాయారు పెదవులు ఇంకా కదులుతూనే ఉన్నాయి.

ఆ రోజుల్లో ఇది ఎవరికీ కొత్త కాదు. నెట్‌లో పోయే ప్రతి శబ్దాన్నీ వినే యంత్రం ఒకటి దేశమంతటా పనిచేస్తోంది. దాని పేరు శ్రవణి. చింతగింజంత చిప్, ఊరికొకటి. ఒకరి పాట ఇంకొకరు ఎత్తుకుపోకుండా కాపలాకని పెట్టారు. తరవాత తిట్లు ఆపమన్నారు, ఆ తరవాత పుకార్లు, ఆపైన ఎవరికి ఏది గిట్టకపోతే అది. పాపం, అది చెప్పినవన్నీ ఆపుతూ వచ్చింది. బందరులో కూనిరాగం తీసే అలవాటున్నవాళ్ళు ఫోన్ వేరే గదిలో పెట్టి తీసేవాళ్ళు. పెళ్ళి వీడియోల్లో సన్నాయి ఉన్నట్టుండి మూగబోయేది, పెళ్ళికొడుకు ఆ నిశ్శబ్దంలోనే తాళి కట్టేవాడు.

"ఏమిటే అక్కా, నాయనమ్మ పాటకి మనల్ని దాటి యజమానెవడు?" అన్నాడు వరదరాజు, కాఫీగ్లాసుతో వంటింట్లోంచి వస్తూ. ఆమె పెదనాన్న కొడుకే అయినా వయసులో నాలుగేళ్ళు చిన్న. అరవై ఆరేళ్ళవాడు, పోర్టులో క్రేన్ నడిపి రిటైరయ్యాడు. ఎదురింట్లో ఉంటాడు గానీ పొద్దుటి కాఫీ మాత్రం అక్క చేతిదే.

"ఎవరో పాటల కంపెనీవాళ్ళట, వరదూ."

"వాళ్ళింట్లో ఎవరికైనా నీళ్ళు పోసిందా నాయనమ్మ?"

"మెల్లిగా. శ్రవణి వింటుంది."

"విననీ. నా తిట్లకి కూడా హక్కుదారున్నాడేమో కనుక్కుందాం."

మంగతాయారుకి నవ్వు రాలేదు. ఆ ఇంట పుట్టిన ఏ బిడ్డకీ ఆ పాట లేకుండా పేరు పెట్టలేదు. బారసాల ఇంకా పది రోజులుంది.

పాట నాయనమ్మ ఆండాళమ్మ కట్టింది. పెరట్లో కట్టెల పొయ్యి మీద నీళ్ళు కాగుతుంటే, పసివాణ్ణి కాళ్ళ మీద వేసుకుని పాడేది. రెండో చరణం సగానికి వచ్చేసరికి మంట తగ్గేది. పాట ఆపి, పక్కనున్న ఊదుగొట్టం అందుకుని 'ఉఫ్' అని ఒక్క ఊదు ఊది, మళ్ళీ అందుకునేది. అలాగే కేసెట్‌లోకి ఎక్కింది. అలాగే పిల్లలు నేర్చుకున్నారు. పొయ్యి పోయింది, గొట్టం పోయింది, ఇండక్షన్ స్టవ్వులొచ్చాయి. ఇప్పటికీ ఆ ఇంట్లో ఎవరు పాడినా 'సాంబ్రాణి పొగలోన' దగ్గర ఆగి, గాల్లోకి 'ఉఫ్' అని ఊది గాని ముందుకెళ్ళరు. కొత్తగా వచ్చిన కోడళ్ళు ఎందుకని అడిగితే, అదంతే అనేవారు.

మర్నాడు చిలకలపూడిలో ఉన్న ధ్వని కేంద్రానికి వెళ్ళింది మంగతాయారు. శ్రవణికి చెవి తయారుచేసిన డాక్టర్ నసీమా అక్కడే పనిచేస్తుంది. నలభై దాటిన మనిషి. బల్ల కింద, కాగితాల కింద కళ్ళజోడు వెతుక్కుంటోంది.

"తలమీదుంది తల్లీ," అంది మంగతాయారు.

నసీమా నాలుక కరుచుకుని కుర్చీ లాగి వేసింది. మంగతాయారు సంగతంతా చెప్పి, చివర్న ముందునుంచీ మనసులో ఉన్నది అడిగింది. "అయితే అమ్మాయ్, మేం మాట్లాడుకునేదంతా ఆ యంత్రం దాచుకుంటుందా?"

"లేదమ్మా. మీరు చారుపొడి కొడతారు కదా. వాసన చూసి ఇందులో మిరియాలున్నాయని చెప్పగలరు. కానీ పొడిలోంచి మిరియం గింజని మళ్ళీ బయటికి తీయగలరా? శ్రవణి శబ్దాన్ని అలా పొడి కొట్టేస్తుంది. దాన్నే ముద్ర అంటాం. మాట దాని దగ్గర మిగలదు, వాసన ఒక్కటే మిగులుతుంది."

"మా పాట వాసన ఆ కంపెనీవాళ్ళ దగ్గరెలా ఉంది?"

"మూడేళ్ళ కిందట వాళ్ళు నమోదు చేశారు. మీరు చెయ్యలేదు."

"నీళ్ళపాటని నమోదు చెయ్యాలని మా నాయనమ్మకి తెలీదు తల్లీ."

నసీమా కంపెనీవాళ్ళ పాట వినిపించింది. వీణలు, గంటలు, తేనెలాంటి గొంతు. మంగతాయారు పెదవి విరిచింది. రెండో చరణం వచ్చింది. 'సాంబ్రాణి పొగలోన...' పాట ఆగింది. ఉఫ్.

మంగతాయారు చేతిలో మాల ఆగిపోయింది. "ఆవిడే! మా నాయనమ్మే! ఆ గొట్టానికి చివర సొట్ట ఉండేది. అందుకే ఆ ఈల."

హంసిని బళ్ళో చదివేటప్పుడు, తను కేసెట్‌లోంచి ఎక్కించి ఇచ్చిన పాట ఒక్కటీ నెట్‌లో పెట్టిందని అప్పుడు గుర్తొచ్చింది. కంపెనీవాళ్ళు దాన్ని తీసుకుని గొంతు మార్చారు, వాయిద్యాలు చేర్చారు. మధ్యలో ఊదింది మాత్రం వేణువు అనుకున్నారో ఏమో, అలాగే ఉంచేశారు.

నసీమా కళ్ళు మెరిశాయి. "పాత కేసెట్ ఉందా అమ్మా? అయితే గెలిచినట్టే. టేపు వయసు మా పరికరం చెబుతుంది. కాకపోతే పాట మీదని రుజువు చెయ్యాలంటే మొత్తం టేపు ఇవ్వాలి, ముక్క కోసి ఇస్తే ఒప్పుకోరు. ఇచ్చిన రుజువు అందరికీ తెరిచి పెడతారు. ఎవరైనా, ఎప్పుడైనా వినొచ్చు. చట్టం అలా ఉంది."

ఇంటికొచ్చి మంగతాయారు తలుపు దగ్గరికి వేసి, పెరుమాళ్ళ గూటి కింద అరలోంచి కేసెట్ తీసింది. పాత ప్లేయర్ గరగరలాడింది. నీళ్ళ చప్పుడు, పసివాడి ఏడుపు, నాయనమ్మ పాట, ఆ ఊదు, మళ్ళీ పాట. ఆ పసివాడు వరదు. చివర్న 'శ్రీరామరక్ష' అని నాయనమ్మ నీళ్ళు దిగదుడిచింది. ఆ వెంటనే ఇంకో గొంతు వినిపించింది, మంగతాయారు వాళ్ళ అమ్మది.

"ఒక్కసారి ఎత్తుకోనివ్వండి అత్తయ్యా. రేపట్నించీ అక్క బిడ్డే కదా."

చెంబు కింద పెట్టిన చప్పుడు. తరవాత నాయనమ్మ, "ఎత్తుకోవే. నీ కన్నబిడ్డేగా, ఇవాళంతా ఎత్తుకో," అంది.

టేపు ఆగిపోయింది. పిల్లల్లేని తోడికోడలి ఒళ్ళో అమ్మ తన కొడుకుని పెట్టింది. ఎవరికీ చెప్పనని మంగతాయారు చేత చేతిలో చెయ్యి వేయించుకుని, పోయేముందు ఆ సంగతి చెప్పింది. పెంచిన ఆ పెద్దమ్మనే అమ్మ అనుకుని, ఆఖరి ఘడియదాకా చెయ్యి పట్టుకుని సాగనంపినవాడు వరదు. ఇప్పటికీ అమావాస్య అమావాస్యకీ ఆవిడ పేరు చెప్పి నీళ్ళు వదులుతాడు. ఈ వయసులో, కేంద్రంవాళ్ళు తెరిచిపెట్టిన టేపు ఎవరో పోకిరీ విని చెప్తే తెలుసుకోవాలా వాడు, తన తల్లి ఎవరో?

మర్నాడు మళ్ళీ చిలకలపూడి వెళ్ళింది.

"టేపు ఇవ్వలేనమ్మా. పాట పోతే పోనీ," అని, కొంగుతో కళ్ళొత్తుకుంది. "అందులో మా ఇంటి మాట ఒకటుంది."

ఏం మాటని నసీమా అడగలేదు. అడగనందుకు మంగతాయారుకి ఆ పిల్ల మీద ఆపేక్ష పుట్టింది.

నసీమా కళ్ళజోడు తీసి మళ్ళీ తలమీద పెట్టుకుంది. చట్టం పుస్తకం తెర మీద పైకీ కిందికీ జరిపింది. చాలాసేపటికి, "అమ్మా, మూడు సెకన్ల లోపు శబ్దానికైతే పూర్తి టేపు అక్కర్లేదు," అంది.

"మూడు సెకన్లలో ఏం పాట పడుతుంది?"

"పాట వద్దు. ఊపిరి చాలు. మీ నాయనమ్మ ఊదిన ఊదుని మీ పేర నమోదు చేద్దాం. వాళ్ళ పాటలో ఉన్నది అచ్చంగా అదే కదా. దొంగిలించిన ఊపిరితో నమోదైన పాట నిలబడదు. రద్దయిపోతుంది."

"మరి పాట ఎవరిదవుతుంది?"

"ఎవరిదీ కాదు. ఎవరైనా పాడుకోవచ్చు."

"అంతకంటే ఏం కావాలే తల్లీ," అంది మంగతాయారు.

ఆమె కళ్ళెదురుగానే నసీమా టేపులోంచి ఆ రెండు సెకన్లే తీసుకుని, కేసెట్ ఆమె చేతిలో పెట్టింది.

బారసాల నాటికి కంపెనీ నమోదు రద్దయింది. హంసిని ఉయ్యాలకి పూలు కట్టింది. తెరకి ఇవతల బందరు బంధువులంతా హాల్లో కూర్చున్నారు. మంగతాయారు పాడుతుంటే ఈసారి ఎర్రటి అక్షరాలు రాలేదు. 'సాంబ్రాణి పొగలోన...' అని ఆమె ఆగగానే ఇరవై మందీ ఒక్కసారి 'ఉఫ్' అన్నారు. పిల్ల ఉలిక్కిపడి చూసింది. అందరికంటే గట్టిగా ఊదింది వరదు.

"ఈ పాట నాకు పాడిందే తెలుసా, కేసెట్‌లో ఏడ్చేది నేనే," అని పక్కవాళ్ళకి గొప్పగా చెప్పుకున్నాడు.

"ఇప్పుడూ ఏడుపు తగ్గలేదుగా," అంది మంగతాయారు. అందరూ నవ్వారు. పిల్లకి ఆండాళ్ అని పేరు పెట్టారు.

బారసాల అయ్యాక, కొత్త నమోదు అన్ని ఊళ్ళ శ్రవణులకీ చేరడానికి మూడు రోజులు పట్టింది. నాలుగోనాడు పొద్దున్న మంగతాయారు ఫోన్ మోగడం మొదలుపెట్టి, ఇక ఆగలేదు.

'గుంటూరు నుంచి ఒక విజ్ఞప్తి. వీడియో కాల్‌లో కాఫీ ఊదుకుంటున్నారు. అనుమతిస్తారా?' 'ఆదిలాబాద్. పిల్లవాడి మోకాటి దెబ్బ మీద ఊదుతున్నారు.' 'విశాఖ. భార్య కంట్లో నలక.' 'కడప. పాలు పొంగుతున్నాయి, త్వరగా!'

ఆమె కంగారుపడి నసీమాకి ఫోన్ చేసింది. "ఏమిటమ్మాయ్ ఇది? లోకంలో ఎవరు ఊదినా నన్నడుగుతోంది!"

అటువైపు నసీమా కీబోర్డు టకటకలాడింది. "తప్పు నాదేనమ్మా. మాట లేదు, రాగం లేదు, ఉత్త ఊపిరి ఇచ్చాం. పట్టుకోవడానికి దానికి వేరే వాసన లేదు. గొట్టం ఈలని కూడా శ్రవణి లెక్కలోంచి తీసేసినట్టుంది, పాత టేపు గరగర అనుకుని. అనుమతి అడిగేటప్పుడు ఎవరు, ఎక్కడ, ఎందుకు ఊదుతున్నారో యజమానికి చెప్పి తీరాలని చట్టం."

"నేనెవరినే ఒకరి వంటింట్లోకి తొంగిచూడ్డానికి? తీసేయించు."

"తీసేస్తే కంపెనీవాళ్ళ నమోదు మళ్ళీ బతుకుతుంది. చెవిని సరిచేస్తాను. ఆరు నెలలు పడుతుంది. ఇంట్లోవాళ్ళకి మాత్రం ఇబ్బంది లేదు. వాళ్ళ పేరుకెదురుగా సంబంధం అని గడి ఉంటుంది. మీకేమవుతారో అందులో ఒక్కసారి రాస్తే ఇక అడగదు. కానీ నిజమే రాయాలి. అది అందరికీ కనబడుతుంది."

తన ఇంటి మాట ఒక్కటి దాచుకోబోయిన మనిషికి ఊరూరి ఇళ్ళూ తెరుచుకున్నాయి. ఆ రోజునుంచి మంగతాయారు కళ్ళజోడు తీసేసి కూర్చునేది, ఎవరి సంగతీ చదవకుండా. ఎడమచేతిలో తులసిమాల, కుడిచేతి వేలు తెర మీద. గోవింద అని ఒక పూస, సరే అని ఒక నొక్కు. ఇంత జపం తన జన్మలో చెయ్యలేదు.

హంసిని పేరుకెదురుగా మనవరాలు అని రాసింది. మేనల్లుళ్ళవీ మేనకోడళ్ళవీ రాసింది. మిగిలింది ఒక్కటే.

పొద్దున్న వరదు కాఫీగ్లాసు పట్టుకుని, ఒళ్ళో ఫోన్‌లో పాత పోర్టు స్నేహితుడితో కబుర్లు చెబుతూ ఊదుకున్నాడు. ఫోన్ మూగబోయింది.

"ఏమిటే అక్కా! అందరికీ రాశావు, నాకు రాయలేదేం? పెదనాన్న కొడుకని రాసిపారెయ్, ఒక్క నిమిషం పని."

మంగతాయారు అతని పేరు తెరిచింది. సంబంధం అన్న గడి ఖాళీగా ఉంది. అబద్ధం రాయడానికి చెయ్యి రాదు. నిజం రాయనని అమ్మకి మాటిచ్చింది.

"రాస్తే నువ్వు నన్ను అడగడం మానేస్తావురా," అంది.

"రోజూ కాఫీకి నీ పర్మిషన్ కావాలా నాకు?"

"అడగవోయ్, అరిగిపోతావా?"

అతను గొణుక్కుంటూ మళ్ళీ గ్లాసెత్తాడు. ఊదేలోపే ఆమె వేలు సరే మీద నొక్కేసింది.