జేబులో ప్లగ్గు

ఆ మిషన్‌ని పాత ఇనుముకి వేసెయ్యమని అన్నయ్య ఏడాదిగా చెవినిల్లు కట్టుకుని పోరుతున్నాడు. చెల్లెలు వింటేగా! ఇంటి వెనక షెడ్డులో స్కూటర్లు బాగుచేసుకు బతికే మనిషి, పైగా మొండిఘటం. తండ్రి వేళ్ళు తిన్న ఆ గడ్డికోత మిషన్‌ని ఆటస్థలం వాళ్ళు పారేస్తుంటే, అడిగి మరీ తెచ్చుకుంది.

తండ్రి అక్కడ తోటమాలి. బ్లేడ్లలో చిక్కిన గడ్డి లాగేముందు ఇంజిన్ స్పార్క్ ప్లగ్గు విప్పి చొక్కా జేబులో వేసుకోవడం ఆయన అలవాటు. ప్లగ్గు లేనిదే ఇంజిన్‌కి ప్రాణం రాదు. అయినా ఒకరోజు మిషన్ తిరిగింది, మూడు వేళ్ళు పోయాయి. చూస్తే జేబు ఖాళీ, ప్లగ్గు ఇంజిన్‌లోనే ఉంది. విప్పానని ఆయన చచ్చేదాకా నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. తాగి పనిచేశాడని పైవాళ్ళు తేల్చేశారు. కన్నకొడుకూ అదే మాటన్నాడు. ఆ మాటకే ఆమె కడుపు రగిలిపోయింది.

తుప్పు గీకింది, కార్బురేటర్ కడిగింది, బ్లేడ్లు బిగించిన, గుండ్రంగా తిరిగే డ్రమ్ముకి సాన పట్టింది. పెట్రోలు మాత్రం చుక్క కూడా పొయ్యలేదు.

ఒక సాయంత్రం వానకి కరెంటు పోయింది. అన్నయ్య టీ గ్లాసు తెచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చెల్లెలు టార్చి వెలుగులో ప్లగ్గు విప్పి జేబులో వేసుకుంది. తండ్రిలాగే పైనుంచి తడిమి చూసుకుంది. బ్లేడ్ల పదును తెలియాలంటే కాగితం అందించి, డ్రమ్ముని చేత్తో తిప్పాలి. వంగి కాగితం పెట్టింది. డ్రమ్ము మీద ఇంకా చెయ్యి వెయ్యలేదు.

రేకుల మీద వాన చప్పుడు. గ్రీజు వాసన. అందులోకి సన్నగా... కోసిన పచ్చగడ్డి వాసన.

ఇంజిన్ లోపల ఏదో దగ్గింది.

డ్రమ్ము కదిలింది. మెల్లగా... ఇంకాస్త... కాగితాన్ని లాక్కుంది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. గోరు అంచు ఎగిరిపోయింది. డ్రమ్ము ఆగింది.

జేబు తడిమింది. ఖాళీ. టార్చి తిప్పింది. ప్లగ్గు ఇంజిన్‌లో బిగించి ఉంది.

"జేబులో వేసుకున్నావు... నేను చూశాను," అన్నాడు అన్నయ్య గుసగుసగా.

"నాన్న కూడా వేసుకున్నాడు."

అన్నయ్య తల దించుకున్నాడు. తప్పైపోయిందని, తెల్లారగానే దీన్ని వదిలించుకుందామని, ముందు బయటికి రమ్మని బతిమాలాడు. ఆమెకి భయం కన్నా కోపమే ఎక్కువగా ఉంది. ఇన్నేళ్ళకి మిషన్ చేసే దొంగతనం బయటపడితే, పారిపోవడమా? తెల్లారితే అన్నయ్య ఇదంతా భ్రమ అంటాడు. పైగా తండ్రిని ఏడిపించిన ఈ ఇనుప ముక్కకి తను లొంగడమేమిటి?

స్పానరు తీసుకుని ప్లగ్గు విప్పింది. కాలిపోతోంది. గుడ్డలో చుట్టి అన్నయ్య అరచేతిలో పెట్టి, వేళ్ళు ఒక్కొక్కటే మూసింది.

"గుప్పిట విప్పకు. ఈసారి ఎలా తీసుకుంటుందో చూస్తాను."

మళ్ళీ వంగింది. బ్లేడ్ల మధ్య ఇరుక్కున్న కాగితం ముక్క కోసం వేళ్ళు లోపలికి పెట్టింది.

వాన చప్పుడు ఒక్కసారిగా ఆగింది. పచ్చగడ్డి వాసన గుప్పుమంది.

"చెల్లీ..." అన్నాడు అన్నయ్య. "చెయ్యి... తియ్యి."

అతని గుప్పిట బిగించినట్టే ఉంది. అందులో ఉత్త గుడ్డ మాత్రమే నలుగుతోంది.