అవతలి డోరు

సందు చివరి షెడ్డుకి చెడ్డపేరు ఉత్తినే రాలేదు. అందులో ఒక పాత కారు ఉండేది. దాని యజమాని ఒక సాయంత్రం స్టీరింగు మీద తల ఆన్చి, నిద్రపోయినట్టే పోయాడట. అప్పట్నించీ చీకటి పడితే ఆ షెడ్డు ముందు జనం అడుగుల వేగం పెంచేవాళ్ళు. లోపల ఎవరో డోరు తీసుకుని దిగిన చప్పుడు విన్నామని కొందరు, దగ్గు కూడా విన్నామని ఇంకొందరు. విన్నది విన్నట్టు చెబుతున్నాను. దగ్గుకి మాత్రం నేను పూచీ పడను.

కొన్నేళ్ళకి ఆయన కొడుకు పట్టుబట్టి కారుని బాగుచేయించాడు. ఇంజను తిరిగింది, రంగు ఆరింది. ఇక మిగిలింది పైసామాను బిగింపు — డోర్లు, బానెట్, బంపర్లు, మెరిసే పట్టీలు. అందుకొక ఫిట్టర్ని పెట్టారు. పనంటే అతనికి మహా గీర. “నేను బిగించిన డోరు సందులో చీమ దూరితే అడుగు” అనేవాడు.

అయితే పోయినాయన భార్యకి ఆ కారంటే అసలు పడదు. “రేపు పొద్దున్నే వచ్చి చూస్తాను. ఒక్క వంక కనబడినా తుక్కుకి ఇచ్చేస్తాను” అంది. నెలల తరబడి చేసిన పని తుక్కయిపోతుందని ఫిట్టరుకి గుండెల్లో రాయి పడింది.

ఆ రాత్రి బామ్మర్దిని తోడు తెచ్చుకుని, డోర్లకి మందపాటి కొత్త రబ్బరు అంటించాడు. అద్దాలన్నీ పైకెక్కించాడు. అవతలి డోరు వేశాడు. చుట్టూ తిరిగొచ్చి డ్రైవరు వైపు డోరు వేశాడు...

టక్.

అవతలి డోరు తెరుచుకుంది. మెల్లగా... ఎవరో దిగుతున్నట్టు.

“నువ్వు తీశావట్రా?”

“నేనిక్కడ నీ చొక్కా పట్టుకునున్నాను బావా...”

మళ్ళీ వేశాడు. మళ్ళీ — టక్.

“పెద్దాయన దిగుతున్నాడు బావా,” గొణిగాడు బామ్మర్ది.

“ఆయన దిగితే డ్రైవరు వైపు దిగాలి కదరా!” అన్నాడు ఫిట్టరు. వణుకులోనూ పనివాడి బుర్ర పనివాడిదే. “నువ్వు లోపల కూర్చుని ఆ డోరు కనిపెట్టు.”

“మా అక్కని చూసైనా జాలిపడు బావా!”

“మీ అక్కకి చెప్పే తీసుకొచ్చాను. ఎక్కు.”

బామ్మర్ది ఎక్కాడు. ఎక్కి, అద్దం కాస్త దించాడు.

“ఎందుకురా?”

“లోపల నన్నేమన్నా చేస్తే నా అరుపు నీకు వినబడొద్దూ?”

ఫిట్టరు డోరు వేశాడు. ఏమీ కాలేదు. మళ్ళీ వేశాడు... ఊహూఁ. అప్పుడతనికి ఏదో తట్టింది.

“అద్దం ఎక్కించు.”

ఎక్కించాక మళ్ళీ డోరు వేశాడు. టక్! డోరుతోపాటు దానికి ఆనుకున్న బామ్మర్దీ బయటపడ్డాడు.

ఖాళీ గ్లాసుని బోర్లించి నీళ్ళలో నిటారుగా ముంచి చూడండి. నీళ్ళు పూర్తిగా ఎక్కవు. లోపల గాలి అడ్డం కూర్చుంటుంది. కారులోనూ అంతే. చీమ దూరకుండా బిగించాక గాలి మాత్రం ఎటు పోతుంది? ఇవతలి డోరు విసురుగా వేస్తే అవతలి డోరుని తోసింది. రబ్బరు మందానికి దాని లాకు అరకొరగానే పడింది మరి. అంటే, అతన్ని భయపెట్టింది అతని పనితనమే!

లాకు సరిచేయబోతే స్క్రూ మొరాయించింది. దాంతో కుస్తీ పడుతుండగానే తెల్లారింది. ఆవిడ వచ్చింది.

కారు చుట్టూ తిరిగింది. బంపరు మీద వేలు రాసింది. పక్కసీట్లో కూర్చుని డోరు వేసుకుంది. “అద్దాలు ఎక్కించు నాయనా, దుమ్ము.”

చేసేది లేక ఎక్కించి, ఫిట్టరు డ్రైవరు సీట్లో కూర్చుని తన వైపు డోరు లాగాడు.

టక్.

ఆవిడ పక్క డోరు బార్లా తెరుచుకుంది. బామ్మర్ది కళ్ళు మూసుకున్నాడు.

“గాలండీ అమ్మగారూ... ఒక్క గంటలో...”

ఆవిడ తెరుచుకున్న డోరు వైపు చూసింది. “కాపురం చేసినన్నాళ్ళూ ఆ మనిషి నాకు ఒక్కసారి డోరు తీసిన పాపాన పోలేదు. తుడవడం, ముద్దుచేయడం అంతా ఈ కారుకే. పోయాక వచ్చింది బుద్ధి.” డోరు దగ్గరికి లాక్కుంది. “తుక్కుకి వద్దు, ఇంటికి పంపించు. ఈ డోరు జోలికి మాత్రం వెళ్ళకు.”

పని దక్కింది. కానీ పరువో? “దెయ్యం కాదండీ, చూడండి,” అంటూ ఫిట్టరు తన వైపు అద్దం పూర్తిగా దించి, డోరు తీసి మెత్తగా వేశాడు.

నిశ్శబ్దం...

టక్.

ఆవిడ తొణక్కుండా దిగింది. తెరిచిన డోరు పక్కకి తల కాస్త వంచి, “ఇన్నాళ్ళకి,” అంది — ఫిట్టరుతో కాదు.