మాంగనీస్ పలకలేదు

ల్యాబ్‌లో చేరిన మొదటిరోజే సుచరిత రామ్‌చందర్‌ను నిలబెట్టి ప్రశ్నల మీద ప్రశ్నలు అడిగింది. ఈ కొలిమి ఎంత వేడెక్కుతుంది, ఈ తీగ ఏ లోహం, ఆ డబ్బాలో ఏముంది. అసిస్టెంటుగా వచ్చి నెల కూడా కాని అతనికి సగం తెలియవు. తెలియదనడానికి నామోషీ పడి, పుస్తకాలు తిరగేసి మర్నాడు జవాబులు తెచ్చాడు. ఆమె నవ్వింది. అంతే, అతని పని అయిపోయింది.

ఇద్దరిదీ హైదరాబాద్ పాతబస్తీలోని జహనుమాయే. అతని తండ్రి అంజన్న తాపీమేస్త్రీ. ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాడు రామ్‌చందర్. ఆమె నాన్న ఏలూరు నుంచి బదిలీ మీద వచ్చిన ఆఫీసరు. బస్సులో దారంతా ఆమె తన పీహెచ్‌డీ కబుర్లే చెప్పేది. మాంగనీసూ మరో రెండు లోహాలూ కరిగించి చేసిన మిశ్రమం. దానికి అయస్కాంత గుణం ఉందా, ఉంటే అందులో ఏ లోహానిది? ఎనర్జీ మార్చుకుంటూ పోతే ఎక్స్‌రే ఒక్కో లోహాన్ని విడిగా పేరు పెట్టి పిలుస్తుందట. పిలిచిన లోహమే పలుకుతుందట.

ఆ మిశ్రమాన్ని మెత్తగా నూరడం రామ్‌చందర్ పని. ఒక సాయంత్రం రాతి కల్వం చేయి జారి పగిలింది. పొద్దున్నే పొడి కావాలి. ఇంటికి తీసుకెళ్ళి, అమ్మ కళావతి మసాలా దంచే ఇనుప హమామ్‌దస్తాను ఏడుసార్లు కడిగి, అందులో నూరాడు.

మర్నాడు అయస్కాంతం దగ్గరికి తెస్తే పొడి ఎగిరి అతుక్కుంది. సుచరిత కుర్చీలోంచి చివాల్న లేచింది. ఈ మిశ్రమం అయస్కాంతమవుతుందని ఎవరూ అనుకోలేదు. ల్యాబంతా జిలేబీ పంచింది. రామ్‌చందర్ నోట్లో జిలేబీ, గుండెల్లో అనుమానం. ఆమె మొహం చూసి చెప్పలేకపోయాడు.

నాలుగు రోజులకు ఆమె పొడి తీసుకుని, పెద్ద ఎక్స్‌రే యంత్రం ఉన్న ఊరికి రైలెక్కింది. ఆమెకు దొరికిన గడువు రెండు రోజులే.

రెండోరోజు మధ్యాహ్నం అతను పత్తర్‌గట్టి బజార్లో అమ్మకు చీర బేరం చేస్తుంటే సెల్ మోగింది.

"మాంగనీస్ పలకడం లేదండీ. అయస్కాంతం దిక్కు మార్చి మార్చి చూశాను, రవ్వంత తేడా లేదు. సాయంత్రం యంత్రం వేరేవాళ్ళకి ఇచ్చేయాలి. నేనే ఎక్కడో పొరపాటు చేశాను."

ఆ మాటే అతన్ని కుదిపేసింది. నిజం చెబితే ఉద్యోగం పోవచ్చు. ఆమె మళ్ళీ మొహం చూడకపోవచ్చు. ఏందిరా అంటున్న అమ్మను వదిలి పక్కకు వచ్చాడు.

"మేడమ్, ఇనుము దగ్గర చూడుండ్రి."

"మన మిశ్రమంలో ఇనుమెక్కడిది?"

"నేను కలిపిన. కల్వం పగిలితే అమ్మ ఇనుప హమామ్‌దస్తాల నూరిన, దాని రజను కలిసుంటది. జిలేబీ తిన్ననాడే చెప్పాల్సింది."

లైన్ కట్ అయింది.

ఆదివారం వానలో, గొడుగేసుకుని ఆమె వాళ్ళ వాకిట్లో ప్రత్యక్షమైంది. ఇనుము మొదటి పిలుపుకే పలికిందట. ఇంకో వారం ఆగి చెప్పుంటే తప్పుడు సంగతి తన పేరుతో అచ్చయ్యేదట. గైడ్‌కి అంతా చెప్పేసింది. తిట్లు ఇద్దరికీ చెరిసగం, ఉద్యోగానికి ఫికర్ లేదు.

కళావతి చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

"ఇంకేమైనా దాచారా?" అంది సుచరిత.

"ఒకటున్నది."

"ఏ ఎనర్జీ దగ్గర చూడాలి?"

"దానికి మిషన్ అక్కర్లేదు మేడమ్. అడిగితే చెప్త."

సుచరిత గొడుగు మడిచి అరుగు మీద కూర్చుంది.

"అడుగుతున్నా," అంది. "మేడమ్ అనకుండా చెప్పండి."