గంజిమేడ పైగదిలో అడిగే గొంతు

కర్నూలు బురుజు వెనక సందులో గంజిమేడ అని ఒక పాత ఇల్లుండేది. పొద్దు గుంకినాక ఆ సందులో పోయేవాళ్లు ఎదుటి ఇండ్ల వారగా నడిచేవాళ్లే గానీ, దాని గోడ పక్కన నడిచేవాళ్లు కారు.

ధాత నామ సంవత్సరంలో వచ్చిన పెద్ద కరువులో ఆ ఇంట్లో గంజి పోసినారు. అందుకే ఆ పేరు. పడమటి పల్లెల నుంచి జనం నడిచొచ్చి ఆ వాకిట్లో కూలబడేవాళ్లట. గంజి తాగి లేచినవాళ్లు లేచినారు. లేవలేనివాళ్లను పైగదికి మోసుకుపోయినారు. పైకి పోయినవాళ్లలో మళ్లీ మెట్లు దిగినవాళ్లు తక్కువ.

ఆ తర్వాత శానా ఏండ్లకు ఊరి పెద్దమనుషులు కలిసి ఆ ఇంట్లో గ్రంథాలయం పెట్టినారు. కింద పత్రికలు, పైన పాత పుస్తకాల బీరువాలు. పగలంతా జనం వస్తారు, చదువుకుంటారు. దీపాల వేళకు మాత్రం పైగదిలో ఒక్కరూ ఉండరు.

ఎందుకంటే — ఆ వేళప్పుడు అక్కడ ఎవరైనా నోరు తెరిచి చదివితే, బీరువాల వెనక నుంచి ఒక గొంతు అడుగుతుందని పేరు.

"ఎవరు చెప్పినారు?"

అంతే. ఇంకో మాట ఉండదు. ఒక ప్లీడరు గుమాస్తా అది విని మెట్ల మీద నుంచి దొర్లి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఇంకొకాయన తొమ్మిది రోజులు జ్వరంతో పడి, దర్గాలో తాయెత్తు కట్టించుకున్నాక గానీ లేవలేదు. ఇదంతా ఊరందరికీ తెలుసు.

తెలిసీ అక్కడ కూర్చున్నవాడు రామలింగప్ప.

కోసిగి పిల్లవాడు. మగ్గం నేసే ఇల్లు. నాయన పోయినాడు. తల్లి బసమ్మ ఇంటింటికీ కండెలు చుట్టి కొడుకును బి.ఏ. దాకా తెచ్చింది. అనంతపురంలో చదువుతాండగా ఆ ఏడు విశ్వవిద్యాలయం వాళ్లు వ్యాసాల పోటీ పెట్టినారు. ధాత కరువులో దత్తమండలాల జనం ఎట్ల బతికినారు అనేది విషయం. గెలిచినవాణ్ని మద్రాసులో చరిత్ర ఆచార్యులు ఒకాయన పరిశోధనకు తీసుకుంటారు. గెలవకపోతే రామలింగప్పకు ఉన్నది ఒకటే దారి — కోసిగి, మగ్గం గుంత.

దసరా సెలవుల్లో కర్నూలు వచ్చినాడు. గ్రంథాలయం చూసుకునే ప్రేమయ్య అతనికి పని నేర్పినాడు. ప్రేమయ్యకు యాభై దాటినాయి, మిషన్ బడిలో చదివిన మనిషి, నెమ్మదస్తుడు. పుస్తకం తెరిచేముందు చీటీలు కోసుకోమన్నాడు. ఒక చీటీకి ఒక సంగతే. దాని కింద పుస్తకం పేరు, రాసినాయన పేరు, పుట. తాసీల్దారు లెక్క ఒకటి చెప్పి, కలెక్టరు లెక్క ఇంకొకటి చెప్తే రెండూ రాసుకోమన్నాడు, నీకు నచ్చినదాన్ని మాత్రమే ఉంచుకోవద్దన్నాడు. ఇంకొకరి మాటను ఉన్నదున్నట్టు రాస్తే గుర్తులు పెట్టి, పేరు చెప్పమన్నాడు.

నాలుగు దినాలు రామలింగప్ప అట్లే చేసినాడు. చీటీలు దారపు కండెలంత వరుసగా పేర్చుకున్నాడు. కానీ చదువుకుంటే అన్నీ అంకెలే. ఇన్ని వేల మంది, ఇన్ని మూటల జొన్నలు. మనిషి ఒక్కడూ కనపడడు. ఇట్లాంటి వ్యాసానికి బహుమానం రాదని అతనికే తెలిసిపోయింది.

ఐదో దినం కడపటి బీరువా అడుగున గుడ్డలో చుట్టిన నోటుపుస్తకం ఒకటి దొరికింది. చేతిరాత. మొదటి పుటలో ఒకే వరుస — 'మిషన్ బడి అయ్యవారు ఏసన్న, గంజిమేడలో అడిగి రాసుకున్నవి.' లోపల నలభై మంది మాటలు. ఒక్కొక్కరి మాట కింద ఒక్కొక్క పేరు, ఊరు, చెదలు తిన్న కడపటి పుటలో తప్ప.

రామలింగప్ప కూర్చున్నవాడు కూర్చున్నట్టే సాయంత్రం దాకా చదివినాడు. జొన్న దంటును నలగ్గొట్టి పిండి చేసుకున్నవాళ్లు… చీమల పుట్టలు తవ్వి గింజలు ఏరుకున్నవాళ్లు… కొడుకు చచ్చిపోయినాడని చెబితే వాని వంతు గంజి పోయరని, రెండు దినాలు చెప్పకుండా పక్కలో పెట్టుకున్న తల్లి…

ఆ దినం నుంచి అతను చీటీలు కోయడం మానేసినాడు.

ఇది రాసి అరవై ఏండ్లు. పుస్తకం అచ్చు కాలేదు. మద్రాసులో కూర్చున్నవాళ్లకు ఎట్ల తెలుస్తుంది? పేర్లన్నీ తీసేసి, మాటలన్నీ ఎత్తి తన వ్యాసంలో పెట్టుకున్నాడు. వ్యాసం మొదట్లో మరీ ధైర్యంగా ఒక ముక్క చేర్చినాడు — 'కోసిగి నుంచి కర్నూలు దాకా నేనే ఊరూరూ తిరిగి, కరువు చూసిన ముసలివాళ్లను అడిగి ఇవన్నీ రాసుకున్నాను' అని.

చీటీలు యాడికి పోయినాయని ప్రేమయ్య ఒకసారి అడిగినాడు. అయిపోయినాయని చెప్పినాడు రామలింగప్ప.

కడపటి దినం వచ్చింది. మరుసటి పొద్దున టపాలో వేయాల. మబ్బు పట్టి తొందరగా చీకటి పడింది. ప్రేమయ్య సాయంత్రం ప్రార్థనకు పోతూ లాంతరు వెలిగించి పెట్టినాడు. తాను వచ్చేదాకా ఉండమన్నాడు. మెట్ల దగ్గర ఆగి, గొంతు తగ్గించి ఒక మాట చెప్పినాడు.

"మనసులో చదువుకో అప్పా. పైకి మాత్రం చదవద్దు."

రామలింగప్ప నవ్వుకున్నాడు.

రాయడం ముగిసింది. ఒక్క కడపటి పుట మిగిలింది. అది ఎత్తి రాసేముందు, అంతదాకా రాసింది చెవికి ఎట్ల వినిపిస్తుందో చూసుకోవాలనుకున్నాడు. కింద వీధిలో చప్పుడు లేదు. లాంతరు దగ్గరికి కాగితాలు జరుపుకుని, గొంతు సవరించుకుని మొదలుపెట్టినాడు.

"మా అమ్మ నాకు ఉన్న గంజి అంతా పోసి, తాను తిన్నానని చెప్పింది. ఆమె పెదవులు ఎండి పగిలి ఉండాయి…"

"ఎవరు చెప్పినారు?"

గాలి అనుకున్నాడు. తుంగభద్ర మీది గాలి కిటికీ రెక్క సందులో దూరితే ఒక్కోసారి మాట మాదిరి వినిపిస్తుంది. కిటికీ వైపు చూసినాడు…

మూసి ఉంది.

అయినా మధ్యలో ఆపితే నిజంగానే భయపడినట్టు అవుతుందని, ఇంకొంచెం గట్టిగా చదివినాడు.

"నన్ను ఎవరిదో బండి ఎక్కించింది…"

"ఎవరు చెప్పినారప్పా?"

ఈసారి గాలి కాదు. బీరువాల వెనక నుంచే. ముసలి గొంతు. ఎండిన ఆకు నలిగినట్టుండే గొంతు.

రామలింగప్పకు ఏదో ఒకటి చెబితే అది పోతుందేమో అనిపించింది. నోటికి వచ్చింది ఒకటే మాట.

"నేనే…"

లాంతరు వత్తి చిటపటమంది. తర్వాత ఆ గొంతు మెల్లగా, తొందర లేకుండా మొదలుపెట్టింది.

"బండి కదిలినప్పుడు నేను ఏడవలేదు. ఏడిస్తే దప్పిక అవుతుందని అమ్మ చెప్పింది. ఏటి దాకా వెనక్కి తిరిగి చూస్తానే ఉంటిని…"

రామలింగప్ప కాగితం వైపు చూసినాడు. అతను ఆ వాక్యం ఇంకా చదవలేదు. తాను చదివినదాని తర్వాతి వరుసలో అదే ఉంది… అక్షరం పొల్లు పోకుండా.

లేచి పరుగెత్తబోయేంతలో బీరువా పక్కన చీకట్లో ఏదో కదిలింది. గోడను తడుముకుంటూ ఒక చెయ్యి వెలుగులోకి వచ్చింది. వెనకాలే తెల్లని తల… పొర కమ్మిన రెండు కండ్లు…

ఆ మనిషిని అతను ఎరుగును. పొద్దునపూట కింద హాలు ఊడ్చే గిడ్డమ్మ. పెరట్లో పాకలో ఉంటుంది. ఎవరితోనూ మాట్లాడదు. కండ్లు ఆనవు, చీపురు అలవాటు మీద నడుస్తుంది. వెనక మెట్ల మీద పాత ధాన్యపు గది ఒకటి ఉంది, ఆ గదికీ ఈ గదికీ మధ్య పలకల గోడ, దాంట్లో బీరువా చాటున ఒక చిన్న తలుపు. దీపాల వేళకు ఆమె ఆ గదిలోకి వచ్చి కూర్చోవడం ఎవరూ చూడలేదు. ఊడ్చే ముసలామె సాయంత్రం యాడ కూర్చుంటుందని ఎవరు కనుక్కుంటారు?

ఆమె నేల మీద కూర్చుని, గొంతు వచ్చిన వైపు ముఖం తిప్పింది.

"అది నేను చెప్పినది నాయనా. ఏసన్న అయ్యవారికి చెప్పినాను. నాకప్పుడు తొమ్మిదేండ్లు. నువ్వు చెప్పినానంటాండావే… నువ్వు నా దగ్గరికి ఎప్పుడొచ్చినావు?"

కొట్టినట్టు లేదు, తిట్టినట్టూ లేదు. నిజంగానే తెలియక అడిగినట్టు అడిగింది. రామలింగప్పకు దయ్యమే అయ్యుంటే బాగుండుననిపించింది.

తర్వాత ఆమె చెప్పింది అంతా అతను తల వంచుకుని విన్నాడు. కోసిగిలో ఎక్కిన బండి ఆమెను ఈ గంజిమేడ ముందర దింపింది. ఏసన్న ఎవరేం చెప్పినా 'ఇది నువ్వు చూసినావా, ఇంకెవరన్నా చెప్పినారా' అని అడిగి, పేరు రాసుకుని గానీ కలం కింద పెట్టేవాడు కాదు. ఆయన ఆ కరువులోనే వాంతిభేదితో పోయినాడు. ఆమె ఈడనే ఉండిపోయింది. తల్లి ఏమైందో ఎవరూ చెప్పలేదు. అందుకే ఈ గదిలో ఎవరు ఏం చదివినా గోడ అవతల కూర్చుని అడుగుతుంది. ఎవరన్నా, యాడన్నా, తన తల్లిని చూసినవాళ్లు చెప్పిన మాట వినపడుతుందేమోనని. అడిగిన ప్రతిసారీ చదివేవాళ్లు పారిపోతారు. ఎందుకు పారిపోతారో ఆమెకు తెలియదు.

రామలింగప్ప వ్యాసం మొదటి కాగితం తీసి నాలుగుగా చించినాడు. కొత్త కాగితం మీద ఏసన్న పేరు రాసినాడు. నోటుపుస్తకం పక్కన పెట్టుకుని ఒక్కొక్క మాట కింద ఒక్కొక్క పేరు వేసుకుంటూ పోయినాడు. తాను వేసిన ప్రతి పేరూ ఆమెకు చదివి వినిపించినాడు. కొందరిని ఆమె ఎరుగును. పుల్లన్న అంటే తల ఊపింది. బొజ్జన్న అంటే, గంజి వరుసలో పాటలు పాడేవాడని చెప్పింది.

ముప్పై తొమ్మిది పేర్లు అయినాయి. కడపటి పుట మిగిలింది. దాని కింది భాగాన్ని చెదలు తినేసినాయి. మాటలు ఉండాయి, పేరు లేదు. అతను దాన్ని మెల్లగా చదివినాడు.

"తిన్నానని బిడ్డకు అబద్ధం చెప్పి బండి ఎక్కించినాను. మనసు నిలవలేదు. బండి జాడ పట్టుకుని నడిచొచ్చినాను. ఎన్ని దినాలు నడిచినానో తెలీదు. ఈడ నన్ను పైకి మోసుకొచ్చినారు. కింద పిల్లల గొంతులు వినపడతాండాయి. దాంట్లో నా బిడ్డ గొంతు ఉండాదో లేదో చూసి చెప్పమంటే ఎవరికీ తీరిక లేదు…"

గిడ్డమ్మ మోకాళ్ల మీద ముందుకు జరిగింది.

"అయ్యవారు కింద పేరేమి పెట్టినాడు?" అంది.

పేరు లేదని చెప్పినాడు. అట్లా ఎందరో తల్లులు వచ్చినారు, ఎవరని చెప్పేది అని కూడా అన్నాడు. ఆమె చెయ్యి నోటుపుస్తకం మీదికి వచ్చి, చెదలు తిన్న అంచును తడిమింది. ఆ వేళ్లు చూస్తా ఊరకే ఉండలేక, కలం పట్టుకుని, ఎవరిని అడుగుతాండాడో తనకే తెలియకుండా రామలింగప్ప గదిలోకి అడిగినాడు.

"అమ్మా… ఇది ఎవరు చెప్పినారు?"

లాంతరు వెలుగు సన్నగిల్లింది. పలకల గోడ అవతల గది ఖాళీ. అందులో ఉండే మనిషి అతని ఎదురుగానే కూర్చుని ఉంది.

అక్కడి నుంచే వచ్చింది. ముసలి గొంతు కాదు. పాతికేండ్ల ఆడమనిషిది. నీళ్లు లేక ఆరిపోయిన గొంతు.

"కోసిగి… ఉరుకుందమ్మ."

గిడ్డమ్మ ముఖం అటు తిరిగింది. అరవై ఎనిమిదేండ్ల ముసలామె, తొమ్మిదేండ్ల బిడ్డ మాదిరి రెండు చేతులూ చాచింది.

ప్రార్థన నుంచి ప్రేమయ్య వచ్చేసరికి రామలింగప్ప మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. కాగితాలు ఒళ్లో ఉన్నాయి. నలభయ్యో పేరు సిరా ఇంకా ఆరలేదు. ఏమైందని అడిగితే విన్నది విన్నట్టు చెప్పినాడు.

వ్యాసం మరుసటి పొద్దున టపాలో పోయింది.

రెండు నెలలకు మద్రాసు నుంచి జాబు వచ్చింది. పరీక్షించినవాళ్లు నోటుపుస్తకాన్ని తెప్పించుకుని పక్కన పెట్టుకుని చూసినారట. ముప్పై తొమ్మిది పేర్లు సరిపోయినాయి. నలభయ్యో పేరు పుస్తకంలో లేదు, దానికి ఆధారం చూపండి, లేదా ఆ పేరు కొట్టివేయండి అని అడిగినారు. కొట్టేయమనే చెప్పినాడు ప్రేమయ్య కూడా. ఒక్క గీతతో పోయేదానికి మద్రాసు పోగొట్టుకుంటావా అన్నాడు.

రామలింగప్ప శానాసేపు ఆలోచించి బదులు రాసినాడు. ఆ పేరు పుస్తకంలో లేదు, చెప్పిన మనిషే చెప్పగా ఫలానా తేదీ సాయంత్రం గంజిమేడ పైగదిలో గిడ్డమ్మా నేనూ ఇద్దరం విన్నాము అని. బహుమానం వేరేవాళ్లకు పోయింది. అతను కోసిగి పోయి బడిపంతులు అయినాడు.

ప్రేమయ్య ఆ సంగతి నమ్మలేదు. పిల్లవాడు అలసిపోయి ఏదో విన్నాడనుకున్నాడు. గిడ్డమ్మ ఆ తర్వాత పాకలో పడుకోవడం మానేసి పైనే ఉంటాంటే, ముసలితనం అనుకున్నాడు.

ఒకనాడు దీపాల వేళకు ఆమెకు తట్టలో సంగటి తీసుకుని వెనక మెట్లు ఎక్కినాడు. సగం మెట్ల మీద అతని కాలు ఆగిపోయింది.

లోపల గిడ్డమ్మ ఏదో చెబుతాంది… మధ్యమధ్యలో ఇంకొకరు 'ఊఁ' కొడుతాండారు.

ప్రేమయ్య తట్టను ఆ మెట్టు మీదనే పెట్టి, చప్పుడు కాకుండా కిందికి దిగినాడు.