నక్కలగుండు సందులో నవ్వు

అమరచింత అవతల నక్కలగుండు సందుకు మంచి పేరు లేదు. చీకటి పడ్డాక అక్కడ ఆడమనిషి నవ్వు వినిపిస్తుందట... గొర్లు కాసే కురుమయ్య ఒకసారి విని మూడు రోజులు జ్వరంతో మూలిగాడట.

శేఖర్‌కు దయ్యం మీద ధ్యాస లేదు. అతని కడుపుమంటంతా ఆ గుండు మీద పందుల కాపలా ఉండే మహిపాల్ మీద.

శేఖర్‌కు పెళ్లయి రెండు నెలలు. పల్లిచేనికి అడవిపందుల బెడద, రాత్రిళ్లు చేలోనే పడక. అక్కడ ఫోను పలకదు. అందుకని నెల కింద రెండు వాకీటాకీలు కొని ఒకటి ఇంట్లో పెళ్లాం మానసకిచ్చాడు. ఐదు కిలోమీటర్లు వస్తుందన్నాడు దుకాణంవాడు. వస్తుంది... మైదానమైతే! చేనికీ ఇంటికీ మధ్య నక్కలగుండు రాతిగుట్ట అడ్డంగా కూర్చుంది. ఉన్నది కిలోమీటరున్నరే, అయినా గరగర తప్ప ఒక్క మాట అందదు.

పైనున్న మహిపాల్ దగ్గరా అలాంటి సెట్టే ఉంది; దానికి మాత్రం రెండు వైపులా వినిపిస్తుంది. శేఖర్‌కు వరసకు అన్న, ఇంకా పెళ్లి కాలేదు. మొగుడి మాట పెళ్లానికి, పెళ్లాం మాట మొగుడికి అతనే చేరవేస్తాడు. మిగతా చేన్ల కాపలావాళ్లు వింటారని, మానసతో వేరే చానెల్లో మాట్లాడతాడు.

ఆ రాత్రి శేఖర్, "పొద్దుగాల రొట్టెలు జల్ది పంపుమను," అన్నాడు. అంతే. ఆ ముక్క చెప్పడానికి మహిపాల్‌కు పావుగంట!

ఆగలేక చానెల్ తిప్పాడు. మహిపాల్ గొంతు దొరికింది.

"నీలం చీరల నువ్వు మస్తుగుంటవు..."

తర్వాత గరగర. మానస ఏమందో గుండు మింగేసింది.

శేఖర్ ఒళ్లు భగ్గుమంది. ఆమె ఏమందో వినకపోతే తెల్లారేదాకా బతకలేడు. లైటు ఆర్పి సందులోకి దూరాడు.

రెండు బండల మధ్య... పైకి. సెట్టును తలకంటే ఎత్తుగా పట్టుకున్నాడు. గరగర. ఇంకొంచెం ఎక్కాడు. గరగర పలచబడింది. వెనక ఎక్కడో రాయి జారింది... తిరిగి చూడలేదు.

నెత్తి మీదే ఆడమనిషి నవ్వింది!

వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఒక్క క్షణం తర్వాత గుర్తుపట్టాడు — సెట్టులో మానస. తన దగ్గర ఆమె ఎన్నడూ అలా నవ్వలేదు.

"ఆయన నిజంగ గట్లన్నడా బావా? ఇంట్ల నోరే తెరువడు. రాత్రయితే ఇంత మంచిగ మాట్లాడ్తడు!"

"అన్నడు," మహిపాల్ గొంతు. "కిటికి మూసి పండుకోమన్నడు, చలి పెడ్తదట."

శేఖర్ అన్నది రొట్టెల ముక్కే. నెల రోజులుగా మానస మురిసిపోతున్న మొగుడు మహిపాల్ కల్పించినవాడు. సిగ్గుపడాల్సిందే... కానీ ఆ లేని మొగుడి మీద కూడా అసూయ పుట్టింది. బటన్ నొక్కాడు.

"ఏం నవ్వులే అవి? నేనే, శేఖర్‌ని. సెట్టు బంద్ చేసి పండుకో!"

మానస గొంతు, వణుకుతూ —

"బావా... విన్నవా? సందుల దయ్యం అంటరు గదా... అచ్చం ఆయన గొంతే! ఆయన సెట్టు ఇంటిదాకా అందనే అందదు. రాత్రిపూట ఆయన గిట్ల కసురుకోడు. ఎవలు బావా అది?"

శేఖర్ పైకి చూశాడు. అన్న నిజం చెబుతాడని ఎదురుచూశాడు.

"దయ్యమే, మానసా," అన్నాడు మహిపాల్, మెల్లగా. "నువ్వు జవాబియ్యకు."