నలభై మూడో నంబరు అర

మా కోచింగ్ సెంటర్లో నడవా చివర ఒక చెక్కపెట్టె ఉంటుంది. పైన సన్నటి చీలిక, ముందు తాళం. దాని పక్కనే గోడకి అరవై అరల చెక్కబీరువా. దానికి తలుపులు లేవు. ఒక్కో అర కింద తెల్లరంగుతో నంబరు వేసి ఉంటుంది. పీజీ ప్రవేశ పరీక్షకి చదివే పిల్లలు వారానికో వ్యాసం రాసి ఆ పెట్టెలో వేస్తారు. పేరు రాయకూడదు, నంబరు మాత్రమే. శుక్రవారం సాయంత్రం నాలుగింటికి నేను తాళం తీసి, కాగితాలు లెక్కపెట్టి, సంచిలో వేసుకుని దిద్దే మాస్టారింటికి తీసుకెళతాను. శనివారం పొద్దున తెచ్చి ఎవరివి వాళ్ళ అరలో పెడతాను. పంతొమ్మిదేళ్ళుగా నా పని ఇదే.

నేను పదో తరగతి దాటలేదు. ఆ వ్యాసాల్లో ఏముంటుందో నాకు సగం కూడా అర్థం కాదు. కానీ నియమం అంటే ఏమిటో తెలుసు. నాలుగంటే నాలుగే. నిమిషం దాటినా ఆ కాగితం పై శుక్రవారానికే. పిల్లలు నన్ను ‘నాలుగ్గంటల బాబాయ్’ అని పిలుస్తారు, నా వెనక నవ్వుకుంటారు. నవ్వుకోనీ. టైము పాటించనివాడు ఇంక దేన్నీ పాటించడని నా నమ్మకం.

మాస్టారికీ ఒక నియమం ఉంది. ఒక నంబరు మీద వారానికి ఒక్క వ్యాసమే దిద్దుతారు. రెండు వస్తే నచ్చినది దిద్ది, రెండోదాని మీద ఆకుపచ్చ సిరాతో ‘ఒకరికి ఒకటే’ అని రాసి తిప్పి పంపుతారు. ఆయన ఇల్లెక్కడో పిల్లలెవరికీ తెలియదు. తెలిస్తే గుమ్మం ముందు గుంపు కడతారని, నేను తప్ప ఇంకెవరూ అటు రాకూడదని ఆయన షరతు పెట్టారు.

నాకు ఒక్కతే కూతురు. ఇంట్లో మేమిద్దరమే. ఆ పరీక్ష రెండుసార్లు రాసింది, రెండుసార్లూ వ్యాసంలోనే పోయింది. మూడుసార్లకి మించి రాయనివ్వరు. ఈ ఏడు తప్పితే అంతే.

“తప్పెక్కడుందో తెలిస్తే దిద్దుకోనా నాన్నా? ఎవరైనా ఒక్కసారి చదివి, ఇదిగో ఇక్కడ అని వేలు పెట్టి చూపిస్తే చాలు. గోడకి చెప్పుకున్నట్టుంది నా రాత,” అంది ఒకరోజు. అన్నం కలుపుతున్న నా చెయ్యి అలాగే ఉండిపోయింది.

సెంటర్లో పనిచేసేవాళ్ళ పిల్లల్ని చేర్చుకోకూడదని డైరెక్టరుగారి కట్టడి. ప్రశ్నపత్రాలు మా చేతుల మీదుగా పోతాయి కాబట్టి అది న్యాయమే. నేనెప్పుడూ కాదనలేదు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పరీక్షకి ఇరవై మూడు రోజులుందనగా, జీవితంలో మొదటిసారి నియమం తప్పాను. నా కూతురి వ్యాసం మీద నలభై మూడు అని వేసి కట్టలో కలిపేశాను.

నలభై మూడో నంబరు పిల్ల రెండు వారాలుగా రావడం లేదు. బక్కపల్చటి పిల్ల. అక్షరాలన్నీ ఎడమవైపుకి వాలినట్టు రాసేది. శనివారం నేను సంచి దించకముందే వచ్చి నిలబడి, “బాబాయ్, నా పేపరు దిద్ది వచ్చిందా?” అని గొణిగినట్టు అడిగేది. ప్రతి వారం అదే మాట, అదే గొంతు. చివరిసారి వచ్చిన శుక్రవారం జోరువాన. నాలుగూ ఒక నిమిషానికి వగరుస్తూ వచ్చింది. “ఒక్క నిమిషమే కదా బాబాయ్...” అంది. నేను తాళం వేసేశాను. ఓపికా క్రమమూ లేనివాళ్ళకి పైచదువులెందుకని కూడా అన్నాను. మళ్ళీ రాలేదు. మధ్యలో మానేసే రకం అనుకున్నాను. అలాంటివాళ్ళంటే నాకు చులకన.

మొదటి వారం నా కూతురి వ్యాసం ఆకుపచ్చ సిరాతో నిండి వచ్చింది. ‘ఆరంభం బాగుంది. మూడో పేరాలో భయపడ్డావు, అందుకే పెద్ద పెద్ద మాటలు వాడావు. నీకు తెలిసిందే రాయి.’ అది చదివి నా కూతురు ఇల్లంతా తిరిగింది.

“చూశావా నాన్నా, నేను భయపడ్డ చోటు కూడా కనిపెట్టాడాయన! నువ్వయితే నేను అన్నం మాడిస్తే తప్ప ఏదీ కనిపెట్టవు.”

“మాడ్చినప్పుడు ఊరంతా కనిపెడుతుంది, నేనెంత?” అన్నాను. చాలా రోజులకి మా ఇంట్లో నవ్వు వినిపించింది.

రెండో శనివారం దాని వ్యాసం మీద ఒకే ఒక్క వాక్యం ఉంది. ‘ఒకరికి ఒకటే.’

కట్టలో నలభై మూడు మరొకటి ఉంది. నాలుగు పేజీలు. తడిసి ఆరినట్టు కాగితం అలలు తేలి ఉంది. అక్షరాలన్నీ ఎడమవైపుకి వాలి ఉన్నాయి. అంచుల దాకా ఆకుపచ్చ సిరాయే. మురుగుకాలవ వాసన వేసింది.

ఆ పిల్ల మళ్ళీ వచ్చి నేను చూడనప్పుడు పెట్టెలో వేసిందనుకున్నాను. కాగితాలు దాని అరలో పెట్టాను. మధ్యాహ్నానికి అర ఖాళీ. ఎవరు తీసుకున్నారని అడిగితే, ఆ పిల్లని మూడు వారాలుగా ఎవరూ చూడలేదన్నారు.

నా కూతురు దిద్దని వ్యాసాన్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. “ఆయన చదవనంత చెత్తగా రాశానా నాన్నా?” అంది. వేరే పిల్ల నంబరు వేశానని చెప్పే ధైర్యం లేకపోయింది నాకు. అబద్ధం ఒకటి ఆడితే ఇంకోటి దాని వెనకే వస్తుందని దానికి చిన్నప్పటి నుంచీ చెప్పినవాణ్ణి నేనే.

మూడో శుక్రవారం. పరీక్షకి తొమ్మిది రోజులు. మళ్ళీ వాన. నాలుగింటికి తాళం తీసి మూడుసార్లు లెక్కపెట్టాను. నా కూతురిదానితో కలిపి యాభై ఒకటి. నలభై మూడు ఒకటే. సంచి మూతి తాడుతో బిగించి, గొడుగు వేసుకుని బయల్దేరాను.

సందు మలుపు తిరిగాక వెనక చెప్పుల చప్పుడు వినిపించింది. తడిసిన చెప్పులు. టప్... టప్... నేను ఆగితే ఆగింది. నడిస్తే నడిచింది. తిరిగి చూశాను. వాన తప్ప ఎవరూ లేరు.

మురుగుకాలవ మీది కల్వర్టు పక్కన సైకిళ్ళు బాగుచేసే అతని రేకుల కొట్టుంది. దాని చూరు కింద నిలబడ్డాను.

“ఏంటన్నా, తెల్లగా పాలిపోయావు? వానకి నానిపోయావా?” అన్నాడతను, ట్యూబుకి పంచరు వేస్తూ. తర్వాత గొంతు తగ్గించి, “ఆ పిల్ల సంగతి చాలా ఘోరమయిందన్నా. నీకు తెలిసే ఉంటుందిలే,” అన్నాడు.

“ఏ పిల్ల?”

“అదేంటన్నా! నెల కింద పెద్దవాన రోజు నీ వెనకే వచ్చిందిగా. కాగితాలు చున్నీలో చుట్టుకుని గుండెకి హత్తుకుంది. నువ్వు ఈ కల్వర్టు మీద గబగబా దాటేశావు. అప్పటికే నీళ్ళు పైనుంచి పోతున్నాయి. నీళ్ళ కింద కాలు మోపే రాయెక్కడుందో నీకు తెలుసు, ఆ పిల్లకి తెలియదుగా. నేను కేకేశాను, వానలో వినపడలేదు. మూడో రోజున దిగువన తూము దగ్గర దొరికింది. ఎవరి పిల్లో తెలియలేదంట. నీతో వచ్చింది కదా, నువ్వు వెళ్ళి చెప్పుంటావనుకున్నా.”

ఆ రోజు నాకు అడుగుల చప్పుడు వినిపించింది. ఇప్పుడు దాచి లాభం లేదు. ఎవరో పిల్ల మాస్టారిల్లు కనిపెట్టాలని వెంటపడుతోందని అర్థమయింది. తెలియకూడదనే కల్వర్టు దారి పట్టాను, వేగంగా నడిచాను. తిరిగి చూడలేదు. నియమం పాటించానని ఆ రోజు రాత్రి హాయిగా నిద్రపోయాను కూడా.

మాస్టారి కిటికీ దగ్గరికెలా చేరానో గుర్తులేదు. ఊచల వెనక గదిలో టేబుల్ లైటు, ఆయన చెయ్యి మాత్రమే కనిపిస్తాయి. కట్ట అందించాను. కాగితాలు తిరగేస్తున్న వేళ్ళు ఆగిపోయాయి.

“ఏమయ్యా... నలభై మూడు మళ్ళీ రెండున్నాయి.”

సంచి తాడు వేలికి చుట్టుకున్నాను.

“ఇదొకటి తడిసి ముద్దయింది. పోయినవారం దీన్నే దిద్దాను. ఈసారి ఏది దిద్దమంటావు?”

నా మెడ వెనక చల్లటి ఊపిరి తగిలింది. బురద వాసన. నానిన కాగితం వాసన. గొడుగు అంచు నుంచి నీళ్ళు కారుతున్నాయనుకున్నాను... చూరు కిందికి రాగానే ముడిచిన గొడుగు చంకలోనే ఉంది.

ఇది చదివేవాళ్ళు నన్ను తిట్టుకోవచ్చు. తిట్టుకోండి.

“పొడిది దిద్దండి సార్,” అన్నాను. “తడిది... పక్కన పడెయ్యండి.”

తాళం వెయ్యడానికి సెంటరుకి తిరిగి వచ్చేసరికి అయిదున్నర. కరెంటు పోయింది. పిల్లలంతా వెళ్ళిపోయారు. మబ్బు వల్ల నడవా చీకటి గుయ్యారంలా ఉంది. గోడ పట్టుకుని నడిచాను. కాలి కింద తడి తగిలింది. వంగి చూశాను. చిన్న చిన్న పాదాల గుర్తులు. నడవా పొడవునా... బీరువా దాకా. అక్కడ ఆగిపోయాయి. వెనక్కి తిరిగిన గుర్తు లేదు.

చప్పుడు వినిపించింది. కాగితం మీద కలం గీకుతున్న చప్పుడు. పెట్టెలోంచి కాదు. బీరువా అరల్లోంచి... నలభై మూడో అరలోంచి. జానెడు కూడా లేని అర అది.

కలం ఆగింది.

“బాబాయ్...”

గోడ వదిలి ఒకడుగు వెనక్కి వేశాను.

“నా పేపరు దిద్ది వచ్చిందా?”

మోకాళ్ళ మీద కూలబడ్డాను. చేతులెత్తి దండం పెట్టాను. “నాదే తప్పు తల్లీ. నన్నేం చేసినా చెయ్యి. ఆ ఒక్క నంబరు వదిలెయ్యి. నా బిడ్డకి ఇదే ఆఖరిసారి...”

అరలోంచి చుక్క చుక్కగా నీళ్ళు కారి నా చేతుల మీద పడ్డాయి.

“నాకూ అదే ఆఖరిసారి, బాబాయ్.”

శనివారం పొద్దున మాస్టారి కిటికీ దగ్గర కట్ట తీసుకుని రోడ్డు మీదే విప్పాను. యాభై ఒకటే ఉన్నాయి. నలభై మూడు ఒక్కటే. ప్రాణం లేచి వచ్చింది. మొదటి పేజీ నా కూతురి గుండ్రటి రాత. రెండోదీ అదే. మూడో పేజీ నడుమ, ఒక వాక్యం సగంలో, అక్షరాలు ఎడమవైపుకి వాలడం మొదలుపెట్టాయి. నాలుగో పేజీ పూర్తిగా వాలిపోయింది. ఆ పేజీ ముట్టుకుంటే చల్లగా ఉంది. అడుగున ఆకుపచ్చ సిరాతో ఉంది: ‘ఇప్పుడు ఒకటే అయింది. ఇంత మంచి వ్యాసం ఈ ఏడాది చూడలేదు. ఇలాగే రాయి.’

ఆ కాగితం చింపెయ్యొచ్చు. కాల్చెయ్యొచ్చు. కల్వర్టు మీద నిలబడి చాలాసేపు ఆలోచించాను. కింద నీళ్ళు నల్లగా పోతున్నాయి. ఎనిమిది రోజులుంది. మూడోసారి. ఆఖరిసారి... నేను ఇంటికెళ్ళి ఆ కాగితం నా కూతురి చేతిలో పెట్టాను.

అది చదివింది. మొహం వెలిగిపోయింది. “చివరి రెండు పేజీలు...” అన్నాను మెల్లగా, “రాత మారినట్టుంది కదమ్మా?”

“ఏం మారింది? అంతా నేనే రాశాను కదా నాన్నా,” అంది వింతగా చూస్తూ.

మా అమ్మాయికి సీటొచ్చింది. వ్యాసంలో అందరికంటే ఎక్కువ మార్కులు. డైరెక్టరుగారికి నా తప్పంతా ఒప్పుకుని, పంతొమ్మిదేళ్ళ తాళంచెవి బల్ల మీద పెట్టేసి వచ్చాను. ఆ పిల్ల వివరాలు పోలీసులకి చెప్పాను. పల్లె నుంచి వాళ్ళ అమ్మానాన్నలు వచ్చారు. వాళ్ళ కాళ్ళ మీద పడ్డాను. అంతటితో తీరిపోయిందనుకున్నాను.

సోమవారం అమ్మాయి హాస్టలుకి వెళ్ళాలి. ఇవాళ సాయంత్రం పెట్టె సర్దుకుంటూ, తీసుకెళ్ళే సామాన్ల జాబితా రాసుకుంటోంది. బయట చినుకు కూడా లేదు. నీరెండ కాస్తోంది. నేను గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికొచ్చాను. బల్ల మీద వంచిన తల ఎత్తలేదు. జుట్టు చివర్ల నుంచి బొట్టు బొట్టుగా నీళ్ళు కారి, కాగితం అలలు తేలుతోంది. అక్షరాలన్నీ ఎడమవైపుకి వాలి ఉన్నాయి.

“తలస్నానం చేశావామ్మా?” అన్నాను.

కలం ఆగింది. తల ఎత్తకుండానే గొణిగినట్టు అడిగింది.

“వచ్చావా బాబాయ్...”